లోపలి నుంచి వెలిగే బొమ్మకు ఏ పదార్థం? బంగారు లేడి తయారీతో ఒక సమగ్ర మార్గదర్శి

రామాయణంలోని బంగారు లేడిని వేదిక మీదికి తేవాలనుకున్న వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. బంగారు రంగు పూసిన లేడి దీపాల కింద మెరుస్తుంది కానీ వెలగదు. సీతమ్మ చూపు తిప్పుకోలేకపోయిన ఆ లేడి ఒంట్లోంచే వెలుగు రావాలంటే, బొమ్మ చర్మం కాంతిని లోపలికి తీసుకుని, తనంతటా పంచి, మెత్తగా బయటికి విడిచేదై ఉండాలి. అద్దంలా ఆరపార కనిపిస్తే లోపలి తీగలూ బ్యాటరీలూ బయటపడతాయి, చెక్కలా అడ్డుకుంటే లోపల దీపం ఉన్నదనే సంగతే తెలియదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న పాక్షిక పారదర్శక పదార్థాలను ఎలా పరీక్షించాలో, ఏ భాగానికి దేన్ని వాడాలో, సుమారు 50 సెంటీమీటర్ల పొడవున్న, కర్రలతో ఆడించే ఒక లేడి బొమ్మను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

మొదటి మెట్టు: ఏ రకమైన వెలుగు కావాలో తేల్చుకోవడం

బొమ్మ వెలగడం మూడు విధాలుగా ఉంటుంది. లోపల చిన్న ఎల్‌ఈడీలు పెట్టి వెలిగించడం మొదటిది. అతినీలలోహిత దీపం కింద మెరిసే ఫ్లోరసెంట్ రంగులు వాడడం రెండవది. పగటి వెలుతురును దాచుకుని చీకట్లో విడిచే స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడిని కలపడం మూడవది. రెండవ పద్ధతిలో రంగు పైపూతగానే ఉంటుంది కాబట్టి కింది పదార్థం ఏదైనా పెద్ద తేడా రాదు. మూడవ పద్ధతిలో కాంతి పదార్థంలోకి దిగి పొడిని చేరాలి, మళ్లీ అందులోంచే బయటికి రావాలి కాబట్టి, వీలైనంత తేటగా ఉన్న మాధ్యమాన్నే ఎంచుకోవాలి. ఆ పొడి బరువైనది, పలుచని ద్రవంలో అడుగుకు చేరిపోతుంది, పైగా దాని వెలుగు నిమిషాలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అరగంట సాగే ప్రదర్శనకు దాన్ని నమ్ముకోవడం నాకు సబబుగా తోచదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా మొదటి పద్ధతి గురించే.

రెండవ మెట్టు: వెలుతురు ఎందుకు దిగుతుందో గ్రహించడం

పకోడీలు కట్టి ఇచ్చిన కాగితాన్ని ఒకసారి కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. నూనె అంటిన చోట వెలుతురు దిగుతుంది, అంటని చోట కాగితం తెల్లగా, మొద్దుగానే ఉంటుంది. కాగితపు పీచు వక్రీభవన గుణకం, అంటే కాంతి దారిని ఎంత మళ్లిస్తుందో చెప్పే అంకె, సుమారు 1.5, పీచుల మధ్య చిక్కుకున్న గాలిది 1.0. కాంతి ఒకదాన్నుంచి మరొకదానిలోకి పోతున్న ప్రతిసారీ దారి మళ్లి చెదురుతుంది. 1.47 గుణకం ఉన్న నూనె ఆ గాలి స్థానాన్ని ఆక్రమించగానే ఆ తేడా దాదాపు తొలగిపోతుంది, చెదరడం తగ్గుతుంది, కాగితం వెలుతురుకు దారి ఇస్తుంది.

మన తోలుబొమ్మ రహస్యం కూడా ఇదే. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలు మేకతోలును చెప్పుల తోలులా పదును చేయవు. వెంట్రుకలు తీసి, పలుచగా గీకి, లాగి కట్టి ఆరబెడతాయి. అలా ఆరిన తోలులో పీచులు ఒకదానికొకటి అతుక్కుని గాలికి చోటు లేకుండా పోతుంది కాబట్టి అది తేనెరంగు అద్దంలా వెలుతురును వదులుతుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అదే తోలుతో అక్కడ దీపాల తొడుగులు (లాంప్ షేడ్లు) కూడా తయారవుతున్నాయి. లోపలి నుంచి వెలిగే బొమ్మ గురించి ఆలోచించేవారు అలాంటి దీపం ఒకదాన్ని వెలిగించి పది నిమిషాలు దగ్గరగా చూస్తే చాలా సంగతులు బోధపడతాయి.

కనుక కొత్త పదార్థం చేతికి వచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీనిలో కాంతిని చెదరగొట్టేవి ఏమిటి, గాలి బుడగలా, పొడి రేణువులా, స్ఫటికాలా? దీని మందం ఎంత? దీనిలోని రంగు కాంతిని మింగేదా, వడపోసేదా?

మూడవ మెట్టు: మెట్ల పట్టీ తయారు చేసి చీకట్లో చూడడం

దుకాణంలో పగటి వెలుతురులో చూసి పదార్థాన్ని ఎన్నుకోవద్దు. బయటి నుంచి పడే వెలుతురులో పాలలా అందంగా కనిపించిన ముద్ద, లోపల దీపం పెట్టగానే ముల్లంగి ముక్కలా పాలిపోవచ్చు. మురికి పసుపులా కనిపించినది, వెలిగించాక సజీవమైన చర్మంలా తోచవచ్చు.

ప్రతి పదార్థంతోనూ 3 సెంటీమీటర్ల వెడల్పున ఒక పట్టీ చేయండి. దాని మీద 1, 2, 3, 4, 6 మిల్లీమీటర్ల మందంతో ఐదు మెట్లు ఉండాలి. తలుపులు మూసిన చీకటి గదిలో, బొమ్మలో పెట్టబోయే ఎల్‌ఈడీనే వెలిగించి, పట్టీని దానికి 1 సెంటీమీటరు, తర్వాత 3, ఆ తర్వాత 5 సెంటీమీటర్ల దూరంలో పట్టి చూడండి. దీపపు చుక్క విడిగా కనిపించడం ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో రాసుకోండి. పట్టీకీ దీపానికీ మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని నీడ గీతలా తెలుస్తున్నదో, మసకగా కరిగిపోతున్నదో గమనించండి. ఫోన్‌తో ఫొటోలు తీసేటట్లయితే ఎక్స్‌పోజర్‌ను ఒకే చోట బిగించి తీయాలి, లేకపోతే కెమెరా తనంతట తానే వెలుతురును సర్ది తేడాలన్నీ చెరిపేస్తుంది.

ఈ పరీక్షలో అందరినీ మోసగించేది మందమే. 2 మిల్లీమీటర్లు సగం కాంతిని వదిలితే, 4 మిల్లీమీటర్లు సుమారు పావు వంతును, 6 మిల్లీమీటర్లు ఎనిమిదో వంతును మాత్రమే వదులుతాయి. మందం పెరిగేకొద్దీ రంగు కూడా మారుతుంది. నీలికాంతి ఎక్కువగా చెదిరి లోపలే మిగిలిపోతుంది, ఎరుపు, పసుపు ముందుకు సాగుతాయి. అరచేతిని టార్చి మీద పెట్టినప్పుడు వేళ్ల అంచులు ఎర్రబడడంలో రక్తంతోపాటు ఈ చెదరడానికీ పాత్ర ఉంది. లేడి చెవులు పలుచగా ఉండి లేత బంగారంలా, మెడ కాస్త మందంగా ఉండి ముదురు తేనెలా కనిపిస్తే, ఒక్క చుక్క రంగు వేయకుండానే బొమ్మకు ప్రాణం వచ్చినట్లు ఉంటుంది.

నాలుగవ మెట్టు: భాగాన్ని బట్టి పదార్థం

బొమ్మంతటికీ ఒకే పదార్థం వాడాలనే పట్టుదల అక్కర్లేదు. చేతి పొడవు దూరంలో పట్టుకుని అరగంట ఆడించవలసిన వస్తువు అది, బరువే మొదటి శత్రువు.

*ఒంటికి కాగితం.* పెద్ద భాగాలకు నేను ఎప్పుడూ కాగితాన్నే ఎంచుకుంటాను. జపాన్‌లోని అవొమొరి నగరంలో ఏటా ఆగస్టు 2 నుంచి 7 వరకు జరిగే నెబుతా ఉత్సవంలో ఇంటి ఎత్తు యోధుల బొమ్మలు ఊరేగుతాయి. తీగ చట్రం మీద వాషీ అనే జపాన్ సంప్రదాయ కాగితం అతికించి, లోపల దీపాలు పెట్టి వాటిని తయారు చేస్తారు. రంగులు ఒకదానిలోకి ఒకటి పాకకుండా కరిగించిన మైనంతో హద్దులు గీస్తారు. మైనం పీల్చిన ఆ గీతల్లో వెలుతురు మరింతగా దిగుతుంది, పకోడీ కాగితంలో జరిగిందే అక్కడా జరుగుతుంది.

మన లేడికి సన్నని వెదురు బద్దలతో గానీ బైండింగ్ తీగతో గానీ చట్రం కట్టి, చేతితో చేసిన పలుచని కాగితాన్ని అరచేయంత ముక్కలుగా చింపి అతికించాలి. కత్తెరతో కత్తిరించిన అంచు వెలిగించినప్పుడు గీతలా కనిపిస్తుంది, చింపిన అంచు కలిసిపోతుంది. మైదా లై చవకే అయినా పురుగు పడుతుంది, ఆరాక తెల్లటి మరకలు మిగులుతాయి. అంతే కొలత నీళ్లు కలిపిన ఫెవికాల్ తేటగా ఆరుతుంది, పీచుల మధ్య గాలిని కొంత నింపి వెలుతురును పెంచుతుంది. రెండు పొరలు చాలు. మూడవ పొర వేసే ముందు మెట్ల పట్టీని మళ్లీ ఒకసారి చూడండి. చట్రపు నీడ తప్పకుండా కనిపిస్తుంది కాబట్టి దాన్ని దాచే ప్రయత్నం మాని, బద్దలను లేడి పక్కటెముకల వరుసలో, భుజం వంపులో కట్టండి. అప్పుడు ఆ నీడలే బొమ్మకు గీతలవుతాయి.

*తలకు సిలికోన్.* ప్రేక్షకుల కన్ను నిలిచేది తల మీదే. అక్కడ చర్మం వంటి మెత్తదనమూ కదలికా కావాలంటే ప్లాటినం ఉత్ప్రేరకంతో రబ్బరులా గట్టిపడే ప్లాటినం రకం సిలికోన్‌కు సాటి లేదు. దానికి బలాన్నిచ్చేందుకు కలిపే సన్నని సిలికా రేణువులే కాంతిని కొద్దిగా చెదరగొట్టి ఆ పొగమంచు మెరుపును ఇస్తాయి. ఈ సిలికోన్లలో ఎకోఫ్లెక్స్ 00-30 వంటివి చాలా మెత్తన, కదిలే చెవులకు బాగుంటాయి. డ్రాగన్ స్కిన్ 10 వంటివి కాస్త గట్టివి, ఆకారాన్ని నిలుపుకుంటాయి కాబట్టి తలకు అనువైనవి. రెండు సీసాల్లోని ద్రవాలను సమపాళ్లలో తూచి, గిన్నె అంచులూ అడుగూ గీకుతూ కలిపి, ఎత్తు నుంచి సన్నని ధారగా అచ్చులో పోయాలి. లోపల మిగిలిన ప్రతి బుడగా దీపం ముందు మెరిసే చుక్కవుతుంది. అచ్చు నిండా పోయకుండా, కొద్దిగా పోసి గోడలంతటా పారేలా తిప్పుతూ, పొర మీద పొరగా 2 నుంచి 3 మిల్లీమీటర్ల తొడుగు చేయండి. లేడి తలకు సుమారు 400 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉందనుకుంటే, 3 మిల్లీమీటర్ల తొడుగు దాదాపు 130 గ్రాములు తూగుతుంది. ఇంతకు మించితే మెడ వాలిపోతుంది.

ఇక్కడ నాకు జరిగిన నష్టాన్ని చెప్పడం అవసరం. మొదటి లేడి తలను నూనె మట్టితో మలచి, దాని మీద నేరుగా సిలికోన్ పోశాను. తెల్లారి చూస్తే మట్టిని తాకిన పొరంతా గట్టిపడకుండా జిగటగా, ఎంత తుడిచినా పోని లేహ్యంలా మిగిలింది. వారం రోజుల పని పోయింది. ఆ మట్టిలో గంధకం ఉంది. ప్లాటినం సిలికోన్‌ను గట్టిపరిచే ఉత్ప్రేరకాన్ని గంధకం చంపేస్తుంది. లేటెక్స్ చేతితొడుగులు, టిన్ రకం సిలికోన్, అప్పుడే అచ్చయిన కొన్ని త్రీడీ ప్రింటర్ రెజిన్లు కూడా అదే పని చేస్తాయి. అందుచేత గంధకం లేని మట్టిని అడిగి కొనండి, నైట్రైల్ చేతితొడుగులు వాడండి, ఏ ఉపరితలం మీద పోయబోతున్నారో దాని మూలన చెంచాడు సిలికోన్ వేసి ఒక రాత్రి ఉంచి చూడండి.

*ముక్కు, కళ్లు, గిట్టలకు పాలిమర్ క్లే.* ఇది ఓవెన్‌లో కాల్చితే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద. దీనిలో పాక్షిక పారదర్శక రకాలు ఫీమో, ప్రీమో, సెర్నిట్ వంటి పేర్లతో దొరుకుతాయి. చేతితో నేరుగా మలచగలగడం వీటి గొప్పతనం. అచ్చు అక్కర్లేదు, వేలిముద్ర కూడా నిలుస్తుంది. అయితే ఇది పీవీసీ. పొట్లం మీద రాసిన వేడికే కాల్చాలి, ఫీమోకు 110 డిగ్రీల సెల్సియస్, ప్రీమోకు సుమారు 130. ఓవెన్ మీద అంకెలను నమ్మకుండా లోపల వేరే థర్మామీటరు పెట్టండి. ఏ కొంచెం వేడి మించినా తేట రకాలు అన్నిటికంటే ముందు పసుపెక్కుతాయి, ఇంకా మించితే గోధుమరంగుకు తిరిగి, చివరకు ఊపిరితిత్తులకు హాని చేసే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. మీద అల్యూమినియం రేకును గుడారంలా కప్పితే రంగు నిలుస్తుంది. వంటకు వాడే ఓవెన్‌ను దీనికి వాడకపోవడమే మేలు. పిసికేటప్పుడు తడి, గాలి చేరితే కాల్చాక లోపల చంద్రవంకల్లాంటి తెల్లని మచ్చలు వస్తాయి. పొడి చేతులతో, మడతలో గాలి చిక్కకుండా పిసకాలి. బరువూ పెళుసుదనమూ ఎక్కువ కాబట్టి ఈ పదార్థాన్ని చిన్న భాగాలకే పరిమితం చేయండి.

*కొమ్ములకు.* లేడి కొమ్ములు పదార్థాల ఎంపికకు నిజమైన పరీక్ష. కొమ్ము మొదలు దగ్గర ఒక ఎల్‌ఈడీ పెడితే అది కొసదాకా వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా తేటగా ఉన్న కడ్డీలోనైతే కాంతి గోడలకు తగిలి లోపలికే మళ్లుతూ కొసను చేరుతుంది, కానీ మధ్యలో ఎక్కడా వెలగదు. పాలరంగు కడ్డీలోనైతే కాంతి మొదలు దగ్గరే అంతా చెదిరిపోయి, నాలుగు వేళ్ల దూరం దాటాక చీకటిగా ఉంటుంది. అందుకని సన్నని రాగితీగ మీద గింజల్లా ఎల్‌ఈడీలు ఉండే అలంకరణ తీగను కొమ్ము ఆకారంలో వంచి, దాని చుట్టూ పాలీకాప్రోలాక్టోన్‌ను పలుచగా తొడగడం నేను సూచించే మార్గం. ఇది 60 డిగ్రీల వేడి నీటిలో మెత్తబడే ప్లాస్టిక్. వేడిగా ఉన్నప్పుడు అద్దంలా తేటపడుతుంది, చల్లారుతుంటే లోపల స్ఫటికాలు ఏర్పడి మీ చేతిలోనే పాలరంగుకు తిరుగుతుంది. ఆ మార్పును చూస్తుంటే కాంతి చెదరడమంటే ఏమిటో పుస్తకం అవసరం లేకుండానే అర్థమవుతుంది. తప్పు చేస్తే మళ్లీ వేడి నీటిలో వేసి సరిచేసుకోవచ్చు, తీగను మాత్రం ముందు బయటికి తీయాలి. ఒక్క జాగ్రత్త ఉంది. మే నెలలో రెంటచింతల ఎండలో ఆపిన కారులో ఈ కొమ్ములను వదిలితే, అవి వాలి చెవుల మీద పడి ఉంటాయి.

మిగిలిన వాటిని క్లుప్తంగా చెప్తాను. సామాను చుట్టి వచ్చే తెల్లని ఈపీఈ ఫోమ్ చాలా తేలిక, లోపలి గాలి గదుల వల్ల వెలుతురును సమానంగా పంచుతుంది. చర్మానికి కాక, దీపానికీ చర్మానికీ మధ్య పొరగా అది ఎంతో మేలు చేస్తుంది. ఎపాక్సీ రెజిన్ బరువు, ఎండకు పసుపెక్కుతుంది, లేడికి అక్కర్లేదు. రబ్బరు లేటెక్స్ పలుచగా ఉన్నప్పుడు తేనెరంగులో ముచ్చటగా వెలుగుతుంది కానీ కాలక్రమంలో పెళుసెక్కి చిట్లుతుంది. ఒకే ఒక్క ప్రదర్శనకైతే సరిపోతుంది.

ఐదవ మెట్టు: మందంతో మలచడం

మామూలు శిల్పంలో వెలుగు బయటి నుంచి పడుతుంది కాబట్టి గుంట నీడగా, గట్టు వెలుగుగా కనిపిస్తాయి. లోపలి నుంచి వెలిగే బొమ్మలో ఇది తారుమారవుతుంది. మీరు కనుబొమల కింద లోతుగా గీసిన గుంట పలుచని చోటు కాబట్టి అదే అన్నిటికంటే ఎక్కువగా వెలుగుతుంది, ముందుకు పొడుచుకొచ్చిన నుదురు చీకటిగా ఉంటుంది. ఈ సంగతి తెలియక మలచిన తల, దీపం వెలిగించగానే పుర్రెలా భయపెడుతుంది. దీనికి మందు లోపలి వైపు చెక్కడమే. బయట గుంట ఉన్న చోట లోపల పదార్థాన్ని పెంచండి, నుదురు, బుగ్గ ఎముక, ముక్కు దూలం దగ్గర లోపలి నుంచి తొలగించండి. పాలిమర్ క్లేనైతే కాల్చాక నీటిలో ముంచి, సన్నని ఉప్పు కాగితంతో రుద్ది పలుచబరచవచ్చు. సిలికోన్‌నైతే లోపలి నుంచి కుంచెతో మరో పూత వేసి మందం పెంచవచ్చు, తగ్గించడం మాత్రం కష్టం. ఈ పని చేస్తున్నంతసేపూ దీపాన్ని తల లోపల వెలిగించే ఉంచండి.

ఆరవ మెట్టు: రంగు

పోస్టర్ రంగులు, చాలా అక్రిలిక్ రంగులు కాంతిని అడ్డుకునే రేణువులతో తయారవుతాయి. వాటితో లేడి ఒంటి మీద పెట్టిన తెల్లని చుక్కలు దీపం వెలిగాక నల్లని మచ్చలవుతాయి, ఎందుకంటే తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ కాంతిని దాటనివ్వదు. కాగితానికి నీటిలో పూర్తిగా కరిగే అద్దకపు రంగులు, పాలిమర్ క్లేకు ఆల్కహాల్ సిరాలు, సిలికోన్‌కు సిలికోన్‌లోనే కలిపే రంగులు వాడాలి. సిలికోన్ మీద సిలికోన్ తప్ప మరేదీ అంటదు. వంద గ్రాముల సిలికోన్‌కు పుల్ల కొసతో తీసుకున్నంత రంగు చాలు. గిన్నెలో రంగు సరిగ్గా కుదిరిందని అనిపించిందంటే సాధారణంగా అది ఎక్కువైనట్లే, కాబట్టి సిలికోన్ పట్టీ మీద పలుచగా రాసి దీపం ముందు చూడండి.

చుక్కలు నిజంగా తెల్లగా వెలగాలంటే తోలుబొమ్మల వారు చూపిన దారే సరైనది. వారు దేవతల నగలను రంగుతో సరిపెట్టరు, ఉలితో తోలుకు రంధ్రాలు కొట్టి వెలుతురునే నగలుగా చేస్తారు. లేడి కాగితపు ఒంటికి గుండ్రని రంధ్రాలు కొట్టి, లోపలి వైపు ఒకే పొర పలుచని కాగితం అంటించండి. ఒళ్లంతా బంగారు రంగులో వెలుగుతుండగా ఆ చుక్కలు వెండిలా నిలుస్తాయి.

ఏడవ మెట్టు: దీపమూ, లోపలి నీడలూ

కొవ్వొత్తి, వేడి పుట్టించే బల్బు వద్దు. మనం వాడినవన్నీ కాలేవో కరిగేవో. 2700 నుంచి 3000 కెల్విన్ల వెచ్చని తెలుపు ఎల్‌ఈడీలు బంగారు ఛాయకు సరిపోతాయి. విడి ఎల్‌ఈడీని 5 వోల్టులకు కలిపేటప్పుడు 100 ఓమ్‌ల నిరోధకం తప్పక పెట్టాలి, అప్పుడు సుమారు 20 మిల్లీఆంపియర్లు పారతాయి. మీటరుకు 60 దీపాలున్న ఎల్‌ఈడీ పట్టీలో వాటి మధ్య దూరం దాదాపు 17 మిల్లీమీటర్లు. చర్మానికీ పట్టీకీ మధ్య కనీసం అంతే దూరం ఉంటే చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అంత చోటు లేకపోతే మధ్యలో ఈపీఈ ఫోమ్ పొరను పెట్టండి. పవర్ బ్యాంకు వాడదలిస్తే ముందే పరీక్షించండి. వాడకం మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు కొద్దిసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి.

లోపల ఉన్న ప్రతిదానికీ నీడ ఉంటుందని మరవవద్దు. కర్ర, తీగ, బ్యాటరీ, ముడి, జిగురు ముద్ద, అన్నీ బయటికి కనిపిస్తాయి. కర్రకు తెల్ల రంగు వేసి, దీపాన్ని కర్రకు వెనక కాక కర్ర మీదే చుట్టూ అమర్చండి, అప్పుడు కర్ర నీడ చర్మం మీద పడదు. బ్యాటరీని తొడల దగ్గర, లేడి పొట్ట కింది భాగంలో పెడితే నీడ సహజమైన ముదురు ఛాయలా కలిసిపోతుంది, బరువు కూడా ఆడించే చేతికి దగ్గరవుతుంది.

ఎనిమిదవ మెట్టు: వేదిక మీద చూసుకోవడం

గదిలో సరిపోయిన వెలుగు వేదిక మీద సరిపోకపోవచ్చు. ఇతర దీపాలు వెలుగుతుంటే బొమ్మ వెలుగు వాటిలో మునిగిపోతుంది. ఆఖరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి, వేదిక దీపాలను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, లేడి కళ్లు ఎప్పుడు తెలిశాయో, చెవులు ఎప్పుడు తెలిశాయో చెప్పమనండి. చర్మాన్ని పలుచబరచడం కంటే వేదికను చీకటి చేయడం తేలిక. తర్వాత బొమ్మను పది నిమిషాలు ఆపకుండా ఆడించి, మెడ మడత దగ్గర సిలికోన్ చిరుగుతున్నదా, కాగితం ముడత పడి తెల్లగీత వస్తున్నదా చూడండి. ముడత పడిన చోట పీచులు విడిపోయి మళ్లీ గాలి చేరుతుంది. లోపలి నుంచి ఒక పలుచని ఫెవికాల్ పూత వేసి ఆరబెడితే ఆ గీత చాలావరకు మాయమవుతుంది.